పేరు రెండుసార్లు పిలవాలి

మా పాత ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి ఒక చిన్న పుస్తకం ఇస్తారు. రాష్ట్ర శాసనసభలో కమిటీ గది పని ఎలా చేయాలో అందులో ఉంటుంది. తలుపులు ఎప్పుడు తెరవాలి, మైకు ఎవరు ఆన్ చేయాలి, సభ్యుల పేరు పలకలు ఏ వరుసలో పెట్టాలి, ఇలాంటివి. అందులో ఒక వాక్యం నా వల్ల చేరింది. "మాట్లాడడానికి వచ్చినవారి పేరు రెండుసార్లు పిలవాలి. మొదటిసారి వద్దన్నా సరే, కాసేపు ఆగి మళ్ళీ పిలవాలి."

ఈ మధ్య అక్కడ చేరిన ఒక తెలుగమ్మాయి నాకు ఫోన్ చేసి, "ఆంటీ, ఇది టైమ్ వేస్ట్ కదా? వద్దన్నవాళ్ళని మళ్ళీ పిలవడం ఏంటి?" అని అడిగింది. ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పబోయాను, కుదరలేదు. అందుకే రాస్తున్నాను.

రాష్ట్రం పేరు రాయను. నాతో పనిచేసినవాళ్ళు ఇంకా అక్కడ ఉన్నారు. నాకు ఏ సంవత్సరం ఏ హోదా ఇచ్చారో కూడా రాయను, అవి ఎవరికీ పనికొచ్చేవి కావు. నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై నాలుగో ఏట. ముందు ఇంగ్లీషువి నేర్చుకున్నాను. ఆరేళ్ళ తరవాత మా చిన్నమ్మాయి తను ఉండే చాండ్లర్ ఊరి నుంచి వీడియో కాల్‌లో తెలుగువి నేర్పింది. పొడుగు వాక్యాలు నాకు ఇప్పటికీ చేతకావు.

పలకలు

మా ఆయన సాయిలు కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో వెల్డర్. ఈ దేశం వచ్చాక నేను శాసనసభ భవనంలో ఊడ్చే పనికి చేరాను. నా పేరు ఎల్లమ్మ. అక్కడివాళ్ళకి నోరు తిరగక ఎల్లా అన్నారు. నాకూ బాగానే ఉంది.

పొద్దున్నే కమిటీ గదులు తుడిచేదాన్ని. సభ్యుల బల్లల మీద పేరు పలకలు ఉంటాయి. వాటిని రోజూ తుడుస్తాను కాబట్టి ఒక్కొక్కటీ నాకు గుర్తే. ఒకదానికి మూల విరిగింది, ఒకదాని మీద కాఫీ మరక, ఇంకొకటి తక్కినవాటికన్నా బరువు. చదవడం రాదని ఎవరికీ అనుమానం రాలేదు.

ఒకసారి కొత్త సభ మొదలయ్యే రోజున పలకలు పెట్టే మనిషికి జ్వరం. కమిటీ క్లర్కు మార్లీన్ నా చేతిలో కాగితం పెట్టి, "ఈ వరుసలో పెట్టెయ్" అని వెళ్ళిపోయింది. పాత పలకలు పెట్టేశాను. రెండు మాత్రం కొత్తగా చేయించినవి. రెండూ ఒకే పొడుగు, ఒకే మెరుపు, ఎక్కడా గీత కూడా లేదు. దేవుడి మీద భారం వేసి ఒకటి ఇటు, ఒకటి అటు పెట్టాను.

కొత్త సభ్యులిద్దరూ తమ పేరు ఎక్కడుంటే అక్కడే బుద్ధిగా కూర్చున్నారు. ఒకాయన అవతలి పార్టీవాళ్ళ మధ్య, ఒకామె ఇవతలి పార్టీవాళ్ళ మధ్య. గంటసేపు ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. ఆయన పక్కనున్నవాళ్ళు తమ గుసగుసలు కూడా మానేశారు.

సమావేశం అయ్యాక మార్లీన్ నన్ను పిలిచింది. ఆ కాగితమే చూపించి, "చదువు" అంది.

"కళ్ళద్దాలు తేలేదు," అన్నాను. ఇరవై ఏళ్ళుగా నన్ను కాపాడిన మాట అది.

"నీకు కళ్ళద్దాలే లేవు," అంది మార్లీన్.

ఏడవలేదు గానీ, నేల మీద ఏదో మరక ఉన్నట్టు కిందికే చూస్తూ నిలబడ్డాను. ఆమె అరవలేదు. "లైబ్రరీలో పెద్దవాళ్ళకి చదువు చెప్తారు. వారానికి రెండు రోజులు. నీ పేరు రాయించనా?" అంది.

అయ్యో, మీకెందుకు శ్రమ, పర్లేదులెండి అన్న అర్థం వచ్చేలా నాకు తెలిసిన ఇంగ్లీషులో చెప్పాను. మార్లీన్ "సరే" అని వెళ్ళిపోయింది.

మళ్ళీ అడుగుతుందని ఎదురుచూశాను. మా దగ్గర అలాగే అడుగుతారు. వచ్చిన చుట్టాన్ని భోజనానికి లెమ్మంటే ఆకలిగా లేదంటాడు. ఆ మాట పట్టుకుని ఎవరైనా గిన్నెలు సర్దేస్తారా? రోజూ మార్లీన్ బల్ల దగ్గర కావాలని ఎక్కువసేపు తుడిచేదాన్ని. ఆమె కాళ్ళు పైకెత్తి నాకు దారిచ్చేది, అంతే. ఐదు నెలలు అలా పోయాయి. చివరికి సాయిలు విసుక్కున్నాడు.

"ఏందే నీ కత? గామె వచ్చి నిన్ను బతిమిలాడాల్నా? పో, పొయ్యి అడుగు."

"అడిగితే బాగుండదయ్యా."

"చదువు రాకుంటే బాగున్నదా మరి?"

మర్నాడు వెళ్ళి అడిగాను. మార్లీన్ ఆశ్చర్యపోయింది. "నువ్వు వద్దన్నావు కదా," అంది. ఆమె తప్పు ఏమీ లేదు. ఆమె దేశంలో వద్దంటే వద్దనే.

మార్లీన్ దగ్గర నేర్చుకున్నది

చదవడం వచ్చాక మార్లీన్ నన్ను చీపురు మానిపించి తన దగ్గర సహాయకురాలిగా పెట్టుకుంది. జాలితో కాదు. పొద్దున ఏడింటికల్లా వచ్చే మనిషి ఆమెకి కావాలి. మార్లీన్ మంచిదని నేను చెప్పను. పుట్టినరోజులు గుర్తుపెట్టుకోదు, దగ్గు వస్తే మంచినీళ్ళివ్వదు. కానీ న్యాయం తెలిసిన మనిషి. ఖరీదైన సూటు వేసుకొచ్చిన కంపెనీ మనిషి అయినా, బూట్లకి బురదతో వచ్చిన రైతు అయినా ఆమెకి ఒకటే. ఇద్దరికీ రెండేసి నిమిషాలు.

మా పని ఇది. శాసనసభలో ఒక బిల్లు వస్తే ముందు కమిటీ దాన్ని చూస్తుంది. ఆ రోజున ఎవరైనా వచ్చి దాని మీద మాట్లాడొచ్చు. తలుపు దగ్గర ఒక కార్డు ఇస్తాం. పేరు, వృత్తి, బిల్లుకి అనుకూలమా వ్యతిరేకమా, మాట్లాడతారా లేదా. మేము కార్డులన్నీ వరుసలో పెట్టి, మైకులో ఒక్కొక్క పేరూ పిలుస్తాం. చెప్పడానికి ఇంతే.

మార్లీన్ మొదటి రోజే చెప్పింది. "ఒకసారి పిలువు. మనసులో మూడు లెక్కపెట్టు. రాకపోతే కొట్టెయ్. ఇంకో సంగతి. ఈ గదిలో మనం కుర్చీలాంటివాళ్ళం. కుర్చీ మాట్లాడదు."

ఆ మాట మీద పద్నాలుగేళ్ళు నడిచాను. చాలా వరకు సరైన మాటే. మీరు కూడా పాటించండి. మీకు ఒక బిల్లు నచ్చుతుంది, ఒకటి నచ్చదు. అది మీ ముఖంలో కనిపించకూడదు. కనిపించిన రోజున అవతలివాళ్ళు ఆ గదిని నమ్మడం మానేస్తారు.

ఒకాయన వచ్చేవాడు. ఊరి చివర వంతెన గురించి ఏ కమిటీ కూర్చున్నా కార్డు నింపేవాడు. పేరు పిలిస్తే మైకు దాకా నడిచి, గొంతు సవరించుకుని, "నా ముందు మాట్లాడినవారు చెప్పిందే నా మాట" అని వెనక్కి వెళ్ళి కూర్చునేవాడు. అంతే. మొదట్లో నవ్వుకునేదాన్ని. తరవాత అర్థమయింది. ఆ గదిలో తన పేరు పిలిపించుకోవడానికే ఆయన నలభై మైళ్ళు డ్రైవ్ చేసుకుని వచ్చేవాడు. వచ్చినవాళ్ళ పేరు పిలవడం చిన్న పని అనుకోకండి.

ప్రతినిధుల బిల్లు

అసలు సంగతికి వస్తాను.

ఈ దేశంలో రాజ్యాంగ సవరణని ప్రతిపాదించడానికి రెండు దారులు ఉన్నాయి. ఒకటి, కాంగ్రెస్, అంటే ఇక్కడి పార్లమెంటు, తానే ప్రతిపాదించడం. ఇప్పటిదాకా వచ్చిన ఇరవై ఏడు సవరణలూ ఆ దారిన వచ్చినవే. రెండోది, మూడింట రెండు వంతుల రాష్ట్రాలు అడిగితే ఒక సమావేశం పిలవడం. రాష్ట్రాల ప్రతినిధులు అక్కడ కూర్చుని సవరణలు ప్రతిపాదిస్తారు. ఏ దారిన వచ్చినా, నాలుగింట మూడు వంతుల రాష్ట్రాలు ఒప్పుకుంటేనే అది సవరణ అవుతుంది. ఈ రెండో దారిన ఇంతవరకు ఎవరూ నడవలేదు.

చిక్కు ఏమిటంటే, ఆ సమావేశానికి ప్రతినిధుల్ని ఎలా ఎంచుకోవాలో రాజ్యాంగంలో ఒక్క ముక్క కూడా లేదు. శాసనసభ ఎంచాలా, జనం ఓటు వేయాలా, గవర్నరు పంపాలా? ఎందరు? వెళ్ళినవాళ్ళు చెప్పినదాన్ని దాటి ఓటు వేస్తే ఏం చేయాలి? అందుకని కొన్ని రాష్ట్రాలు ముందుజాగ్రత్తగా తమ చట్టం తాము చేసుకుంటున్నాయి. మా రాష్ట్రంలోనూ ఒక బిల్లు వచ్చింది.

దాన్ని తెచ్చింది మా కమిటీ ఛైర్మనే. సోయా పండించే రైతు, పెద్ద చేతులు, చిన్న ఓపిక. ఆయన భయమంతా ఒకటే, పంపినవాళ్ళు అక్కడికి వెళ్ళాక ఇష్టం వచ్చినట్టు చేస్తారేమోనని. అందుకని అన్నీ బిగించి రాయించాడు. ఉభయ సభలూ కలిసి కూర్చుని ఏడుగురిని ఎంచాలి. ఒక్కొక్కరికీ ఒక బదులు మనిషి. వెళ్ళే ముందు ప్రమాణం. సభ చెప్పినదాన్ని దాటి ఓటు వేస్తే ఆ ఓటు చెల్లదు, ఆ రోజే వెనక్కి రప్పించి బదులు మనిషిని కూర్చోబెట్టాలి.

దానికి ఇంకో సభ్యుడు ఒక ముక్క చేర్చాడు. ప్రతినిధి ఈ దేశంలో పుట్టినవారై ఉండాలి. ఛైర్మన్ పెద్దగా పట్టించుకోకుండా సరేనన్నాడు. ఆ ముక్క తీసెయ్యాలని ఒక సభ్యురాలు సవరణ పెట్టింది. మంగళవారం దాని మీద ఓటు.

ఆ మంగళవారం

గది నిండిపోయింది. సమావేశమే వద్దనేవాళ్ళు సగం, రేపే పెట్టమనేవాళ్ళు సగం. అరవై మూడు కార్డులు వచ్చాయి. పన్నెండింటికల్లా ముగించేస్తానని ఛైర్మన్ ముందే చెప్పాడు.

తలుపు దగ్గరికి ఒక పెద్దావిడ వచ్చింది. నేత చీర మీద స్వెటర్, కాళ్ళకి స్పోర్ట్స్ షూస్. మనవరాలు ఆమెని గేటు దగ్గర దింపి కారు పార్క్ చేయడానికి వెళ్ళిందట.

"కార్డు నింపాలక్కా," అన్నాను.

"అయ్యో, తెలుగువాళ్ళా! బతికించావు," అంది. కార్డు కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది. "అద్దాలు తేలేదమ్మా. కాస్త నువ్వే రాసిపెట్టవూ?"

అద్దాలు దారానికి ఆమె మెడలోనే వేలాడుతున్నాయి. నేను అటు చూడలేదు.

"పేరు?"

"సుగుణమ్మ."

"ఏం పని చేస్తరు?"

"బ్లౌజులు కుడతాను. ఈ ఊళ్ళో తెలుగు పెళ్ళికూతుళ్ళలో సగం మంది కొలతలు నాకు నోటికొచ్చు."

"బిల్లుకు అనుకూలమా, వ్యతిరేకమా?"

"బిల్లు సంగతి నాకెందుకు తల్లీ. ఇక్కడ పుట్టినవాళ్ళే వెళ్ళాలన్న ముక్క తీసెయ్యమని చెప్పాలి. మా హాసిని చదివి వినిపించింది. ఆ రోజునుంచీ నాకు కుట్టు సరిగ్గా పడటం లేదు."

"మాట్లాడతరా?"

"మాట్లాడ్డానికేగా వచ్చింది! రెండు వారాలనుంచి పొయ్యి పక్కన టైమర్ పెట్టుకుని ప్రాక్టీస్ చేస్తున్నా. మొదట్లో నాలుగు నిమిషాలు పట్టేది. ఇప్పుడు రెండుకి కత్తిరించా."

మాట్లాడతారు అన్న గడిలో గుర్తు పెట్టింది నా చెయ్యే. ఈ సంగతి గుర్తుంచుకోండి.

కాసేపటికి మనవరాలు హాసిని వచ్చింది. కాలేజీ పిల్ల, ఇక్కడే పుట్టి పెరిగింది. అమ్మమ్మ తెలుగులో చెప్తే తను ఇంగ్లీషులో చెప్పాలని వాళ్ళ ఏర్పాటు. ఇద్దరూ చివరి వరుసలో రెండు గంటలు కూర్చున్నారు. అప్పుడు హాసిని లేచి నా దగ్గరికి వచ్చి, "ఆంటీ, పార్కింగ్ టూ అవర్సే. కార్ మూవ్ చేసి ఫైవ్ మినిట్స్‌లో వస్తా," అని పరిగెత్తింది.

సరిగ్గా ఆ ఐదు నిమిషాల్లోనే ఆమె వంతు వచ్చింది.

నా తప్పు

"సుగుణమ్మ," అని మైకులో పిలిచాను.

గదిలో అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఆమె కుర్చీ పట్టుకుని సగం లేచింది. తలుపు వైపు చూసింది, హాసిని లేదు. పక్కన కర్ర పట్టుకున్న ముసలాయన తన వంతు కోసం కూర్చుని ఉన్నాడు. ఆయన వైపు చెయ్యి చూపించి, "అయ్యో, పర్లేదండీ. ముందు వాళ్ళని మాట్లాడనివ్వండి. నాకు వద్దులెండి," అంది.

మాట ఎవరికీ అర్థం కాలేదు గానీ, చెయ్యి ఊపడం అందరికీ అర్థమయింది. ఛైర్మన్ నన్ను అడిగాడు. "ఆవిడ మాట్లాడనంటోందా?"

అందరి కళ్ళూ నా మీదే ఉన్నాయి. ఆ మాటకి అర్థం ఆ గదిలో నా కన్నా బాగా తెలిసినవాళ్ళు లేరు. అది వద్దు కాదు. ఇంకోసారి అడగండి అని. కానీ తెలుగామె కోసం రూలు వంచిందని అంటారేమోనని భయపడ్డాను. నా మనిషి కాకపోయి ఉంటే బహుశా ఒక్క క్షణం ఎక్కువ ఆగేదాన్నేమో.

"అవును సార్," అన్నాను. మూడు లెక్కపెట్టి, కొట్టేశాను.

కర్ర ముసలాయన మాట్లాడాడు. ఇంకో నలుగురు మాట్లాడారు. ఛైర్మన్ సుత్తి కొట్టి, ఇక మాట్లాడేవాళ్ళ వంతు అయిపోయిందని, సభ్యులు ఓటుకి సిద్ధం కావాలని చెప్పాడు.

అప్పుడు హాసిని రొప్పుతూ వచ్చింది. "ఆంటీ, మా అమ్మమ్మని పిలిచారా?"

"పిలిచిన బిడ్డా. వద్దన్నది."

"వద్దందా? ఆంటీ, అమ్మమ్మ ప్రతిదానికీ ఫస్ట్ వద్దంటుంది! టీ ఇస్తే కూడా! మీకు తెలీదా?"

నాకు తెలీదా. వెనక్కి చూశాను. సుగుణమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని, మైకు వైపే చూస్తూ కూర్చుని ఉంది. తన పేరు మళ్ళీ వస్తుందనే ఇంకా అనుకుంటోంది. మార్లీన్ బల్ల దగ్గర ఐదు నెలలు నేల తుడిచిన నేను అలాగే ఉండి ఉంటాను.

మార్లీన్ నా పక్కనే ఉంది. చెవి దగ్గర చెప్పాను. "తప్పు చేశాను. ఆమె మాట్లాడాలని వచ్చింది. మళ్ళీ పిలవనా?"

"పిలిచావు. వద్దంది. నేనూ చూశాను. మాట్లాడేవాళ్ళ వంతు అయిపోయింది ఎల్లా. వద్దు, కూర్చో."

ఓటు అయిపోతే ఇక ఆమె రెండు నిమిషాలకి అర్థం లేదు. సభ్యులు ముందున్న కాగితాలు తిప్పుతున్నారు. నేను లేచి నా మైకు ఆన్ చేశాను. పద్నాలుగేళ్ళలో పేర్లు తప్ప అందులో ఇంకేమీ పలకలేదు.

"ఛైర్మన్ గారూ, రికార్డులో ఒక తప్పు ఉంది. తప్పు నాది."

మార్లీన్ కళ్ళు మూసుకుంది.

"ఏం తప్పు?" అన్నాడు ఛైర్మన్.

"సుగుణమ్మ గారు మాట్లాడనన్నారని చెప్పాను. మాట్లాడతానని ఆమె కార్డులో ఉంది. ఆ గుర్తు పెట్టింది నేనే. మా వైపు మర్యాద తెలిసినవాళ్ళు మొదటిసారి అడిగితే వద్దంటారు. రెండోసారి అడగాలి. ఆ సంగతి తెలిసీ నేను అడగలేదు."

ఎవరో నవ్వారు. ఛైర్మన్ తన పెద్ద చేత్తో గడ్డం రుద్దుకున్నాడు. "ఈ మర్యాద మా ఇంట్లో ఉంటే నాకు ఒక్క పూటా తిండి దొరికేది కాదు," అన్నాడు. గది అంతా నవ్వింది. ఆయన అటూ ఇటూ చూసి, "సభ్యులకి అభ్యంతరం ఉందా?" అని అడిగాడు. ఆ ముక్క చేర్చిన సభ్యుడు కలం తిప్పుకుంటూ కూర్చున్నాడు.

"అయితే రెండోసారి అడుగు," అన్నాడు నాతో.

రెండు నిమిషాలు

"సుగుణమ్మ," అని పిలిచాను.

ఈసారి ఆమె ఒక్క క్షణం ఆగలేదు. స్వెటర్ సర్దుకుని, హాసిని చెయ్యి పట్టుకుని మైకు దగ్గరికి వచ్చేసింది. ఆమె తెలుగులో చెప్పింది, హాసిని ఇంగ్లీషులో చెప్పింది. నాకు గుర్తున్నంతవరకు ఆమె మాటలే రాస్తున్నాను.

"అయ్యా, నా పేరు సుగుణమ్మ. నాకు చదవడం రాదు. పౌరసత్వం ప్రశ్నలు వంద, మా అమ్మాయి చదువుతుంటే కుట్టు మిషన్ తొక్కుతూ విని నేర్చుకున్నాను. నా వయసు చూసి పరీక్ష తెలుగులోనే పెట్టారు. ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు. తరవాత ఒక పెద్ద హాల్లో కుడిచెయ్యి ఎత్తి, ఈ రాజ్యాంగాన్ని కాపాడతానని ప్రమాణం చేశాను. ఇదిగో, నా మనవరాలు ఇక్కడే పుట్టింది. బంగారం లాంటి పిల్ల. కానీ దీన్ని ఆ ప్రమాణం ఎవరూ అడగలేదు. పౌరసత్వం అడక్కుండానే ఇచ్చారు. నేను అడిగి, మాటిచ్చి తీసుకున్నాను. మీరు పంపే మనుషులకి ఒక ప్రమాణం రాశారట, దాన్ని కూడా చదివించుకుని విన్నాను. నేను చేసినదానికి దగ్గరగానే ఉంది. ఒకసారి చేసినదాన్ని, ఇంకోసారి చేయడానికి నాకేం కష్టం లేదు. నన్నే పంపమని అనను. గుమ్మం దగ్గరే ఆపెయ్యొద్దంటున్నాను. అంతేనండి."

గంట మోగింది. సరిగ్గా రెండు నిమిషాలు. హాసిని మాటలకి ఇంకో రెండు పట్టాయి. బంగారం లాంటి పిల్ల అన్నచోట, "అమ్మమ్మా, అది నేను చెప్పను!" అని మైకులోనే గొణిగింది. "చెప్పు, చెప్పాలి," అంది సుగుణమ్మ. అది కూడా రికార్డులో ఉంది.

ఛైర్మన్ ముందుకు వంగి అడిగాడు. "అమ్మా, నా భయం ఒకటుంది. వెళ్ళినవాళ్ళు ఈ సభ చెప్పినదాన్ని దాటి పోకూడదు. మీలాంటివారు వెళ్తే, దాటరని నమ్మకమేమిటి?"

హాసిని తెలుగులో చెప్పింది. సుగుణమ్మకి ఆలోచించే పనే లేకపోయింది.

"నాకు గుడ్డ ఇచ్చినామె కొలత కూడా ఇస్తుంది. మోచేతి దాకా అంటే మోచేతి దాకానే. నాకు పొడుగు చేతులు ఇష్టమని పొడుగు కుట్టను. నాకు నచ్చినట్టు కుట్టడానికి ఆ గుడ్డ నాది కాదు కదండీ."

హాసిని దాన్ని ఇంగ్లీషులో చెప్పాక, ఛైర్మన్ తన చొక్కా చేతిని చూసుకుని, "ఈ బిల్లులో నేను పదకొండు పేజీలు రాయించింది ఇదే," అన్నాడు.

ఓటు పెట్టారు. పదకొండుగురు సభ్యులు. పేర్లు నేనే చదివాను. ఐదుగురు తీసెయ్యమన్నారు, ఐదుగురు ఉంచమన్నారు. ఛైర్మన్ పేరు చివర. ఆయన నా వైపు చూడకుండా, "తీసెయ్యండి," అన్నాడు.

తరవాత

కారిడార్‌లో మార్లీన్ నన్ను ఆపింది. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

"మైకు ఆన్ చేసే ముందు నన్ను అడగాల్సింది," అంది.

"అడిగాను. వద్దన్నావు."

"అవును," అంది మార్లీన్. బ్యాగు భుజానికి తగిలించుకుని రెండడుగులు వేసి ఆగింది. "రెండోసారి అడగాల్సింది."

ఆమె నవ్వడం అప్పుడే చూశాను. తరవాతి వారం పని పుస్తకంలో ఆ వాక్యం కనిపించింది. ఎవరి పేరూ లేదు, కారణమూ లేదు. మార్లీన్ అలాగే రాస్తుంది.

కొత్తగా వచ్చేవాళ్ళకి నా మాట ఒకటే. రూలు అందరికీ ఒకటే అయినంత మాత్రాన అందరికీ ఒకేలా తగలదు. నేను కుర్చీలాగే ఉండాలి, అది నిజం. కానీ ఒక మాటకి అర్థం ఆ గదిలో నాకొక్కదానికే తెలిసినప్పుడు, తెలియనట్టు కూర్చోవడం ఒక పక్షం వహించడమే. నేను ఆ రోజు నా మనిషికి ఎక్కువ చేస్తానేమోనని భయపడి తక్కువ చేశాను. అలాంటి తప్పు చేస్తే గదిలో అందరూ ఉండగానే ఒప్పుకోండి. తరవాత ఒప్పుకుంటే అది మన మనసుకి మాత్రమే పనికొస్తుంది.

ఆ బిల్లు ఆ ముక్క లేకుండానే చట్టమయింది. సమావేశం మాత్రం ఇప్పటిదాకా జరగలేదు. ఆ చట్టం కింద ఒక్క ప్రతినిధినీ ఎంచలేదు. అసలు జరగాలో వద్దో నా అభిప్రాయం ఇక్కడ కూడా రాయను, అలవాటు పోలేదు. పని మానేశాక కూడా నేను సంతోషంగానే ఉన్నాను. ఇంకా పదేళ్ళు చేయమన్నా చేసేదాన్ని.

సుగుణమ్మకి ఇప్పుడు ఎనభై దగ్గర పడింది. నా బ్లౌజులు ఆమే కుడుతుంది. కొలత తీసుకుంటూ పొడుగు చేతులు నీకు బాగుంటాయని ఒకసారి చెప్తుంది, నేను వద్దంటే ఊరుకుంటుంది. మొన్న వెళ్ళినప్పుడు ఊరికే అడిగాను.

"అక్కా, ఒకవేళ గా సమావేశం పెట్టి, నిన్ను పొమ్మంటే పోతవా?"

"నాకెందుకమ్మా ఈ వయసులో. చదువుకున్నవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. వద్దులే," అంది, సూదిలో దారం ఎక్కిస్తూ.

దారం ఎక్కేదాకా ఆగాను.

"పోతవా అక్కా?"

ఆమె మెడలో అద్దాలు తీసి పెట్టుకుని నా వైపు చూసింది.

"ఎప్పుడు బయల్దేరాలి?"